గోడ అవతలి కొనుగోలుదారు

హదస్సాకు మొదటినుంచీ గొంతే పెట్టుబడి. బీకాం అవ్వగానే ప్యారడైజ్ దగ్గర ఒక షేర్ బ్రోకర్ ఆఫీసులో డీలర్‌గా చేరింది. ఖాతాదారులు ఫోన్ చేసి ఫలానాది కొనమనో అమ్మమనో చెబితే, ఆ మాటే వాళ్లకు తిరిగి చదివి వినిపించి, ఖాయం చేసుకుని ఆర్డర్ కొట్టడం పని. మార్కెట్ కూలిన రోజుల్లో అవతలివాళ్లు తిట్టేవాళ్లు, ఏడ్చేవాళ్లు. ఆమె గొంతు మాత్రం తొణికేది కాదు. "హదస్సా మేడమ్‌కే ఇవ్వండి" అని పేరుపెట్టి అడిగేవాళ్లు ఎక్కువయ్యాక, ఇంకొకరి దగ్గర ఎందుకు చేయాలి అనిపించింది. సుహృద్ సెక్యూరిటీస్ అనే కంపెనీకి అధీకృత ప్రతినిధిగా రిజిస్టరు చేయించుకుని, ఈస్ట్ మారేడ్‌పల్లిలో జిరాక్స్ షాపు పైన ఒక గది అద్దెకు తీసుకుంది. ఖాతాదారులను తెచ్చి చూసుకోవడం ఆమె వంతు. లైసెన్సు, లెక్కలు, ఎక్స్ఛేంజ్‌తో వ్యవహారం కంపెనీ వంతు. వచ్చిన బ్రోకరేజీలో ఆమెకో వాటా.

గది పెద్దదే గానీ మధ్యలో ప్లైవుడ్ గోడ పెట్టించింది. ముందు భాగంలో రెండు తెరలు, కొన్ని ప్లాస్టిక్ కుర్చీలు, నీళ్ల క్యాను. అక్కడ కూర్చునేవాళ్లు ఎక్కువగా రిటైరైనవాళ్లు. వెనక భాగంలో ఫైళ్లు, ఒక ఖాళీ టెర్మినల్, అంటే ఆర్డర్లు కొట్టే కంప్యూటర్.

ఆ ఖాళీ టెర్మినల్ కోసం వచ్చినవాడు విజయేందర్. నలభై దాటలేదు, ఇస్త్రీ చొక్కా, నెమ్మదైన మాట. ఇంట్లో నెట్ సరిగా రాదని, రోజంతా ట్రేడింగ్ చేసుకోవడానికి ప్రశాంతమైన చోటు కావాలని అడిగాడు. హదస్సా ఆలోచించింది. రోజంతా కొని అమ్మే ఖాతాదారు ఒక్కడుంటే, వారానికోసారి ఓ పది షేర్లు కొనే పదిమంది పెట్టు. సరే అంది. అతను పొద్దున్నే వచ్చేవాడు, తలుపు దగ్గరికి వేసుకునేవాడు, మార్కెట్ మూశాక "వస్త మేడమ్" అని వెళ్లిపోయేవాడు. గోడ అవతలినుంచి కీబోర్డు టకటక తప్ప ఇంకేం వినిపించేది కాదు. ఆఫీసు అద్దె గురించి ఆమెకు బెంగ తీరింది.

ముందు గదిలో కుర్చీ ఎప్పుడూ వదలనిది బ్రహ్మచారి అనే పెద్దాయన. బొల్లారంలో వడ్రంగి పని చేసేవాడు. మోకాళ్ల నొప్పులు మొదలయ్యాక వర్క్‌షాపు తమ్ముడి కొడుక్కు అప్పగించి, ఉన్న కాస్త డబ్బుతో షేర్లు మొదలుపెట్టాడు. బస్సులో వచ్చి, కళ్లజోడు తుడుచుకుని, తెర ముందు కూర్చునేవాడు. కంపెనీ లెక్కలు చదవడం ఆయనకు రాదు. ఆయన చూసేది ఒకటే. తెర మీద ప్రతి షేరుకీ రెండు వరుసలుంటాయి. ఎడమవైపు ఏ ధరకు ఎన్ని కొంటామని జనం అడుగుతున్నారో, కుడివైపు ఏ ధరకు ఎన్ని అమ్ముతామంటున్నారో. ఎడమ వరుస బరువుగా ఉంటే కొనేవాళ్లు ఎక్కువున్నట్టు. అంటే ధర పెరుగుతుంది. అది ఆయన నమ్మకం. చాలాసార్లు నిజమే అయ్యేది కూడా.

ఒకరోజు ఆయన నందికొండ కాస్టింగ్స్ అనే చిన్న కంపెనీ షేరు చూస్తున్నాడు. కాస్తో కూస్తో కదిలే షేరది. ఉన్నట్టుండి ఎడమ వరుసలో పెద్ద అంకె వచ్చి కూర్చుంది. అంత సరుకు ఆ షేరులో వారమంతా కలిపినా చేతులు మారదు.

"మేడమ్, జెర ఇటు సూడుండ్రి. కొనేటోళ్లు గింత పెద్దగున్నరు. ఎక్కుతదా?"

హదస్సా ఫోన్‌లో ఉంది. తల తిప్పి చూసి, "అలాగే కనిపిస్తోందండీ" అంది.

ధర నిజంగానే కదిలింది. బ్రహ్మచారి కొన్నాడు. ఆయన కొన్నది ఆయన చేతికి వచ్చిందో లేదో, ఎడమవైపు అంకె మాయమైంది. ఎవరూ అమ్మలేదు, ఎవరూ కొనలేదు, ఊరికే లేకుండా పోయింది. ధర జారడం మొదలైంది. సాయంత్రానికి ఆయన నష్టానికి అమ్ముకుని బస్సెక్కాడు.

మార్కెట్లో ఇలాంటివి మామూలే అనుకుంది హదస్సా. ఆ వారంలోనే మళ్లీ అదే జరిగింది. ఆ తర్వాత ఇంకోసారి. మూడోసారి బ్రహ్మచారి తెర మీద వేలు పెట్టి అడిగాడు.

"గిప్పుడు ఈడ కొనేటోడు ఉండె గద మేడమ్. ఏడికి పోయిండు?"

"మనసు మార్చుకుని ఉంటాడండీ."

"రోజూ మార్చుకుంటడా?"

ఆ ప్రశ్న ఆమెను పట్టుకుంది. తన ఆఫీసు ఖాతాదారులు పెట్టే ఆర్డర్లన్నీ ఆమె తెరమీద కనిపించే వీలుంది. ఎవరైనా గొడవ పడితే తప్ప ఆ జాబితా తెరిచేది కాదు. ఆరోజు తెరిచింది. నందికొండ కాస్టింగ్స్‌లో ఆ పెద్ద కొనుగోలు ఆర్డరు తన ఆఫీసు కోడ్ మీదే ఉంది. పెట్టింది విజయేందర్. దాని పక్కనే అతను అదే షేరును అమ్మడానికి పెట్టిన ఆర్డరు కూడా ఉంది. పెద్ద ఆర్డరు చూసి జనం ఎగబడగానే తన దగ్గరున్నవి వాళ్లకు అంటగట్టి, ఆ పెద్ద ఆర్డరు రద్దు చేసేవాడు. తర్వాత ఇదే ఆట తలకిందులుగా. అమ్మేవాళ్లు ఎక్కువున్నట్టు చూపించి, భయపడ్డవాళ్ల దగ్గర చవగ్గా కొనేవాడు. పాత రోజులు తిరగేసింది. అన్నీ అంతే. షేర్ల పేర్లు మారేవి, పద్ధతి మారేది కాదు.

బ్రహ్మచారి తెర మీద చూసి నమ్మిన ఆ కొనుగోలుదారు, ఆయన వీపు వెనక, ప్లైవుడ్ గోడ అవతల కూర్చుని ఉన్నాడు.

మార్కెట్ మూశాక ఆమె వెనక గదిలోకి వెళ్లింది.

"విజయేందర్ గారూ, కొనే ఉద్దేశం లేకుండా ఎందుకు పెడుతున్నారు ఆర్డర్లు?"

అతను కుర్చీ తిప్పి నవ్వాడు. "ఉద్దేశం లేదని మీకెట్ల ఎరుక మేడమ్? పెట్టిన, తర్వాత వద్దనిపించింది, తీసేసిన. క్యాన్సిల్ బటన్ ఎక్స్ఛేంజే ఇచ్చింది గద."

"ప్రతిసారీ మీది అమ్ముడుపోగానే వద్దనిపిస్తుందా?"

"నా పైసలు పెట్టుకుని ఆడుకుంట. ఎవ్వరి జేబుల చెయ్యి పెట్టలే. తెర సూసి కొన్నోళ్లను నేను కొనమన్ననా?"

ముందు గదిలో "అలాగే కనిపిస్తోందండీ" అన్నది తనే.

మర్నాడు ఎస్పీ రోడ్డులోని హెడ్డాఫీసుకు వెళ్లింది. కంపెనీ డైరెక్టరు రాఘవేందర్ ఆమెను ఎరిగినవాడే. టీ తెప్పించాడు. ఆమె చెప్పిందంతా విన్నాడు, ఆశ్చర్యపోలేదు. అది చూసి ఆమే ఆశ్చర్యపోయింది.

"మాకు సుత అలర్టులు వస్తనే ఉన్నయమ్మా. ఎక్స్ఛేంజ్ కెల్లి వస్తయి, మన సాఫ్ట్‌వేర్ సుత చూపిస్తది. మేం ఆయనకు మెయిల్ పెడ్తం, ఎందుకట్ల చేసినవని. ఆయన జవాబు రాస్తడు. ఫైల్ క్లోజ్."

"ఏం జవాబు రాస్తాడు?"

"మార్కెట్ చూసి నిర్ణయం మార్చుకున్న అని."

"మీరు నమ్ముతారా?"

"నమ్మకం సంగతి కాదమ్మా. మనం అడిగినం, ఆయన చెప్పిండు. మనం బ్రోకర్లం, పోలీసులం కాదు."

"అతని టెర్మినల్ ఆపేయండి సార్. అదొక్కటి చాలు."

రాఘవేందర్ కప్పు కింద పెట్టాడు. "మనం ఆపేస్తే పక్క బ్రోకర్ దగ్గరికి పోతడు. దొంగ ఆర్డర్లు ఆగుతయా? ఆగయి. మన బ్రోకరేజీ ఆగుతది. మీ వాటా సుత. పరేషాన్ కాకుండ్రి, మేం చూసుకుంటం."

ఖాతాదారులు మోసం చేస్తుంటే పట్టుకునే బాధ్యత బ్రోకరుదేనని ఈమధ్యే నిబంధన వచ్చిందని, ట్రైనింగులో మీరే చెప్పారని ఆమె గుర్తుచేసింది. ఆయన తల ఊపాడు. అవునన్నట్టూ కాదు, కాదన్నట్టూ కాదు. ఆమె ఇంటికొచ్చి అదే విషయం ఆయనకు మెయిల్‌గా రాసింది. "మీ సూచన నమోదు చేసుకున్నాం" అని జవాబొచ్చింది.

వారం గడిచింది. ఏమీ మారలేదు. రోజూ పొద్దున బ్రహ్మచారి వచ్చి ముందు గదిలోనూ, విజయేందర్ వచ్చి వెనక గదిలోనూ కూర్చునేవాళ్లు. నందికొండ జోలికి పోవద్దని ఆమె బ్రహ్మచారికి చెప్పింది. ఎందుకో చెప్పలేకపోయింది. ఒక ఖాతాదారు ఆర్డర్ల సంగతి ఇంకొకరికి చెప్పడం కూడా తప్పే. ఆయన నందికొండ మానేసి ఇంకో షేరు చూశాడు. అందులోనూ ఎడమ వరుస బరువుగానే ఉంది.

చివరికి ఒకరోజు విజయేందర్ వచ్చేసరికి వెనక గదిలో టెర్మినల్ తీగలన్నీ పీకేసి ఉన్నాయి.

"ఇక్కడ ఇంక కుదరదండీ" అంది హదస్సా.

అతను కోప్పడలేదు. "మీ ఇష్టం మేడమ్" అని సంచీ తీసుకుని మెట్లు దిగాడు. ఆమెకు గుండెల మీద బరువు దిగినట్టయింది. మధ్యాహ్నం దాకా. తన తెర తెరిచి చూస్తే, అవే ఆర్డర్లు, అదే ఆట, అదే కోడ్. ఇంట్లో నెట్ రాదన్న అతనికి హెడ్డాఫీసు వాళ్లు ఇంటినుంచే ట్రేడింగ్ చేసుకునే లాగిన్ ఇచ్చేశారు. ఖాతా మాత్రం ఆమె ఆఫీసు కిందే ఉంచారు.

ఇప్పుడు ఆమె చూడగలదు, ఆపలేదు. అతని ఖాతాను తన కోడ్ నుంచి తీసేయమని కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసింది. ఒక అమ్మాయి రిక్వెస్ట్ నంబరు ఇచ్చింది. తర్వాత చేస్తే ఇంకో అమ్మాయి పాత నంబరు కాలం చెల్లిందని కొత్తది ఇచ్చింది. ఖాతాదారు సంతకం ఉంటేనే మారుస్తామని ఒకసారి, ఏరియా మేనేజర్ ఒప్పుకోవాలని ఒకసారి. ఏరియా మేనేజర్ సెలవులో ఉన్నాడు. వచ్చాక బదిలీ అయ్యాడు. ఖాతాలు చేజారినప్పుడు కూడా ఇంత యాతన పడలేదు ఆమె. వెళ్లిపోతానన్న ఖాతాదారును క్షణంలో వదిలేసే కంపెనీ, వెళ్లగొడతానంటే మాత్రం వినేలా లేదు.

"నువ్వు చెయ్యాల్సింది చేశావు. ఇంక వదిలెయ్యి" అన్నాడు ఆమె భర్త ఎరిక్. ఆయన లాలాగూడ రైల్వే స్కూల్లో లెక్కలు చెబుతాడు.

"ఏం చేశాను? తీగలు పీకాను."

"మెయిల్ పెట్టావుగా."

"వాళ్లూ మెయిలే పెట్టారు అతనికి. అందరం మెయిళ్లు పెట్టుకుంటూ కూర్చున్నాం."

వేసవి సెలవుల్లో నోటీసు వచ్చింది. ఎక్స్ఛేంజ్ నిఘా విభాగం మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీకి పంపిన కేసు అది. విజయేందర్ పేరు, సుహృద్ సెక్యూరిటీస్ పేరు, వాటి కింద ఆమె పేరు. దొంగ ఆర్డర్లు పెట్టడాన్ని వాళ్లు స్పూఫింగ్ అంటారు. ఆ మాట అందులో పేజీకి నాలుగుసార్లుంది. ఆమె నిలబడే చదివింది. తన పేరు దగ్గరికి వచ్చాక కూర్చుంది.

రాఘవేందర్‌కు ఫోన్ చేస్తే తీయలేదు. ఆఫీసుకు వెళ్తే అరగంట కూర్చోబెట్టి లోపలికి పిలిచారు. ఈసారి టీ లేదు. ఆయన పక్కన బొంబాయి నుంచి వచ్చిన లాయర్ ఉన్నాడు.

"మా జవాబు తయారైంది" అన్నాడు రాఘవేందర్. "ఖాతాదారుని తెచ్చింది మీరు. మీ ఆఫీసుల, మీ టెర్మినల్ మీద షురూ చేసిండు. ఆడ కనిపెట్టుకోని ఉండాల్సింది మీరు. గదే రాసినం."

"నేను మీ దగ్గరికి వచ్చి చెప్పాను సార్. ఆపమన్నాను. మీరే చూసుకుంటామన్నారు."

"చెప్పిండ్రు, కాదంటలేను. గా మెయిల్ సుత పెట్టిండ్రు." ఆయన గొంతులో మొదటిసారి కోపం కనిపించింది. "గది పెట్టకుంటె మాకు తెల్వదనన్న చెప్పుకునేటోళ్లం. ఇప్పుడు అది సుత లేదు. మీ మెయిల్‌తోటే మేం మునిగినం."

ఆమెకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చెప్పకపోతే ఆమె తప్పు. చెప్పింది కాబట్టి కంపెనీకి తెలిసిపోయింది, అదీ ఆమె తప్పే.

"నేను తీగలు పీకిన రోజే మీరు అతనికి లాగిన్ ఎందుకిచ్చారు?" అని అడిగింది.

లాయర్ జోక్యం చేసుకున్నాడు. కేసు నడుస్తున్నప్పుడు ఈ మాటలు వద్దన్నాడు. ఆమె లేచి వచ్చేసింది.

సెబీ విచారణ వీడియో కాల్‌లో జరిగింది. ఎరిక్ స్కూల్ నుంచి సెలవు పెట్టి పక్కన కూర్చున్నాడు. తెరమీద చిన్న చిన్న గళ్లలో కంపెనీ లాయర్లు ముగ్గురు, విజయేందర్ లాయరు, మధ్యలో విచారణ అధికారి. ఆయన వయసులో చిన్నవాడు, మర్యాదగా మాట్లాడేవాడు. హదస్సా లాయర్‌ను పెట్టుకోలేదు. ఎన్నో ఏళ్లుగా ఫోన్‌లో మాట్లాడిన గొంతు తనకు ఉందనుకుంది. ఎప్పుడు గమనించిందీ, ఎవరికి చెప్పిందీ, టెర్మినల్ ఎప్పుడు తీసేసిందీ వరుసగా చెప్పింది. అధికారి శ్రద్ధగా విన్నాడు. ఆమెకు ధైర్యం వచ్చింది.

"మంచిది. మీరు టెర్మినల్ తీసేశాక కూడా అతని ట్రేడింగ్ సాగింది కదా" అన్నాడు ఆయన. "ఆ బ్రోకరేజీలో మీ వాటా మీకు అందిందా?"

"బ్యాంకులో పడేదండీ. కంపెనీ దానంతటదే వేస్తుంది."

"వద్దని రాశారా?"

"ఖాతా తీసేయమని చాలాసార్లు అడిగాను."

"అది కాదు మేడమ్. ఆ డబ్బు వద్దని రాశారా?"

ఆమె ఎరిక్ వైపు చూసింది. ఆయన బల్ల వైపు చూస్తున్నాడు. నిజంగా ఆ ఆలోచనే రాలేదు ఆమెకు. నెలనెలా పడే మొత్తంలో ఏ ఖాతాదారుది ఎంతో విడదీసి చూడలేదు. అద్దె కట్టింది, కరెంటు బిల్లు కట్టింది.

"లేదండీ" అంది. ఆ ఒక్క మాటకు గొంతు తొణికింది.

ఉత్తర్వు రావడానికి వానాకాలం గడిచిపోయింది. విజయేందర్‌ను మార్కెట్ నుంచి కొన్నేళ్లు వెలివేశారు, సంపాదించింది కక్కమన్నారు. ఆర్డర్లు ఖాతాదారువే అయినా, తెలిసి తెలిసి దారి ఇచ్చిన బ్రోకరు తప్పించుకోలేడని రాశారు. ప్రశ్న అడిగి, జవాబు ఫైల్లో పెట్టుకుని, అదే మనిషికి మళ్లీ లాగిన్ ఇవ్వడం పర్యవేక్షణ కాదన్నారు. కంపెనీకి జరిమానా పడింది, కొంతకాలం కొత్త ఖాతాలు తెరవకూడదన్నారు. ఆ భాగం చదివినప్పుడు హదస్సాకు కడుపు చల్లబడింది. ఆ తర్వాత తన పేరా వచ్చింది. ఆమె ముందుగా హెచ్చరించిన మాట నిజమే, అందుకే శిక్ష తగ్గిస్తున్నాం. కానీ తెలిశాక కూడా ఆదాయం తీసుకుంది, ఆరంభంలో తన ఆఫీసు మీద కన్నేసి ఉంచలేదు. తీసుకున్న వాటా తిరిగి కట్టాలి. ఆరు నెలలు రిజిస్ట్రేషన్ నిలిపివేత.

"అప్పీలు చేద్దామా?" అన్నాడు ఎరిక్.

చేద్దామనే అనుకుంది. పెన్సిలు పట్టుకుని తన పేరా మళ్లీ మళ్లీ చదివింది. ఎక్కడ తప్పుందో గీత గీద్దామని. ఒక్క వాక్యం కింద కూడా గీయలేకపోయింది. అదే ఆమెను ఎక్కువ మండించింది. అబద్ధం రాసి ఉంటే పోట్లాడేది. అన్నీ నిజాలే, అన్నీ కలిపితే మాత్రం తను పడ్డ యాతన అందులో ఎక్కడా లేదు.

బ్రహ్మచారి అప్పటికి ఆఫీసుకు రావడం మానేసి చాలా కాలమైంది. ఆమే బొల్లారం వెళ్లింది. వర్క్‌షాపు బయట నులక మంచం మీద కూర్చుని, ఒక తలుపు చట్రానికి ఉప్పుకాగితం రుద్దుతున్నాడు. జరిగింది మొదటినుంచీ చెప్పింది. ఇప్పుడు దాచాల్సిన పని లేదు, ఉత్తర్వు అందరూ చదువుకునే కాగితమే. వెనక గదిలో మనిషి సంగతి చెప్పినప్పుడు ఆయన చెయ్యి ఆగింది.

"మన ఆఫీసుల్నేనా?"

"అవునండీ."

"నాతోని రోజూ నమస్తే అంటుండె." చట్రం మీది పొడి ఊదాడు. "మరి ఆని తానకెల్లి గుంజిన పైసలు మాకిస్తరా?"

"లేదండీ. ఇన్వెస్టర్ల రక్షణ నిధి అని ఉంటుంది, దానికి పోతాయి. ఎవరెవరు ఎంత పోగొట్టుకున్నారో తేల్చడం కుదరదట."

"నా ఖాతాల ఉన్నది గద, ఏ దినం కొన్ననో, ఎంతకు అమ్మిననో."

"ఉందండీ. నేను సెబీకి రాసి అడిగాను. మీరు అతని ఆర్డరు చూసే కొన్నారని రుజువేమిటన్నారు."

బ్రహ్మచారి తల ఎత్తాడు. "నీకు ఎరుకే గద. నువ్వే చెప్తివి, ఎక్కుతదని." ఎప్పుడూ మేడమ్ అనే మనిషి, మొదటిసారి నువ్వన్నాడు.

"కనిపిస్తోందన్నానండీ" అని నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"అవునండీ, నేనే చెప్పాను" అంది.

ఆయన ఉప్పుకాగితం మడత మార్చి మళ్లీ రుద్దడం మొదలుపెట్టాడు. కూర్చోమనలేదు, పొమ్మనలేదు. ఆమె కాసేపు నిలబడి, చున్నీ మీద పడ్డ రంపపు పొట్టు దులుపుకుని, బస్ స్టాపు వైపు నడిచింది.

ఆరు నెలలు అయ్యాక సుహృద్ వాళ్లే ఫోన్ చేశారు, మళ్లీ కోడ్ ఇస్తామని. కొత్త ఏరియా మేనేజరు చాలా మర్యాదగా మాట్లాడాడు. మారేడ్‌పల్లిలో ఇంకా ఆమెనే అడిగే ఖాతాదారులున్నారని చెప్పాడు. తీసుకోనంది. కారణం అడిగాడు. చెప్పడం మొదలుపెట్టింది. మొదటి వాక్యం పూర్తికాకముందే అతను, "అర్థమైంది మేడమ్, ఫీడ్‌బ్యాక్ నోట్ చేసుకుంటాను" అన్నాడు.

ఇప్పుడు ఆమె ఏ.ఎస్. రావు నగర్‌లో ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో బిల్లింగ్ చూస్తోంది. జీతం తక్కువ, పని ఎక్కువ. చర్చిలో ఎవరైనా "ఆ షేర్ల కేసులో అసలేం జరిగిందమ్మా?" అని అడిగితే చెబుతుంది. ఎడమ వరుస, కుడి వరుస అనేసరికి వాళ్ల చూపు గుమ్మం వైపు పోతుంది. "మొత్తానికి నీ తప్పేం లేదు కదా" అని భుజం తట్టి కదులుతారు. లేదు, అలా కాదు, ఇంకా ఉంది, పూర్తిగా వినండి అంటూ ఆమె వాళ్ల వెనకాలే రెండడుగులు వేస్తుంది.